విద్యయు వృత్తియు: మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితము

హైదరాబాదు నగరమున గండిపేట చెరువు ప్రస్తావన వచ్చినప్పుడెల్ల మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు వినవచ్చును. మైసూరు రైతునకు కన్నంబాడి ఆనకట్టను చూచిన ఆయనను చూచినట్లే. ఏటేట సెప్టెంబరు 15వ తేదీన మన దేశమున జరుగు ఇంజనీర్ల దినోత్సవము ఆయన పుట్టినరోజు పండుగయే. రాతితో కట్టినవి కంటికి కనబడును గనుక లోకము వానిని మరువదు. కాని ఆయన జీవితమంతయు మనసున మోసిన ప్రశ్న యొకటి కలదు. అది కట్టడములకు సంబంధించినది కాదు. చదువుకొన్నవానికి పని దొరకదు. పని యున్నచోట దానిని తెలిసినవాడు దొరకడు. ఈ రెంటిని కలుపుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో ఆయన కొంత జయించిరి, కొంత ఓడిరి. ఆ కథ ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనదగినది.

విశ్వేశ్వరయ్యగారు 1861లో మైసూరు సంస్థానమున చిక్కబళ్ళాపురమునకు సమీపముననున్న ముద్దెనహళ్ళి గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. వారిది తెలుగు కుటుంబము. పూర్వులు గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండమునుండి తరలివెళ్ళినవారు. అందుచేతనే ఆ యూరి పేరు ఇంటిపేరై నిలిచెను. బాల్యముననే తండ్రి గతించుటచే కుటుంబమునకు కష్టదినములు వచ్చెను. బాలుడు బెంగుళూరు చేరి, మేనమామగారి యండతో సెంట్రల్ కాలేజీలో చదివెను. తన ఖర్చులకు మరియొకరి పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆ రాబడితో తన పాఠములు తాను నేర్చెను. 1881లో బి.ఏ. పట్టము లభించెను.

ఆనాడు బి.ఏ. పట్టము సామాన్యమైనది కాదు. దానితో కచేరీలో గుమాస్తా పదవియో, పాఠశాలలో ఉపాధ్యాయ పదవియో సులభముగ దొరికెడిది. విశ్వేశ్వరయ్యగారు ఇంజనీరింగు చదువగోరిరి. అయితే మైసూరు సంస్థానమున ఆ విద్య గరపు కాలేజి ఒక్కటియు లేదు. సంస్థాన ప్రభుత్వము విద్యార్థి వేతనమిచ్చి ఆయనను పూనా సైన్సు కాలేజికి పంపెను. 1883లో పరీక్షలో ప్రథములుగా నిలిచి, ఆ శ్రేణి బలమున 1884లో బొంబాయి రాజధాని పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరిరి.

ఆనాటి ఇంజనీరింగు విద్య స్థితిని ఇచ్చట కొంత తెలిసికొనవలెను. రూర్కీ, పూనా, గిండీ, శిబ్‌పూరు కాలేజీలన్నియు ముఖ్యముగ ఒక్క యజమాని కొరకు నడచినవి. ఆ యజమాని ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖ. దానికి కాలువలు, రోడ్లు, వంతెనలు కట్టు ఇంజనీర్లును ఓవర్సియర్లును కావలెను. అంతమందినే ఆ కాలేజీలు తయారుచేసెను. ఆ మేరకు చదువును కొలువును చక్కగ పొత్తు కుదిరినవనియే చెప్పవలెను. అయితే యంత్రములు చేయువాడు, రంగులద్దకపు రసాయనము తెలిసినవాడు, కొలిమినుండి ఉక్కు తీయువాడు ఆ కాలేజీలనుండి రాలేదు. వానిని కోరు పరిశ్రమలును దేశమున స్వల్పము. 1887లో బొంబాయిలో వెలసిన విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూటు బట్టల మిల్లులకు పనికివచ్చు విద్య గరపుట ఒక అపవాదము. పరిశ్రమ లేనిచోట ఆ విద్య లేదు. విద్య లేనందున పరిశ్రమ రాలేదు. ఈ చక్రమును ఎచ్చట త్రెంచవలెనో ఆనాటి పాలకులకు పట్టలేదు.

బొంబాయి కొలువులో విశ్వేశ్వరయ్యగారు ఇరువదినాలుగేండ్లు పనిచేసిరి. సింధులోని సుక్కూరు పట్టణమునకు నీటి సరఫరా ఏర్పాటు, పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయమునకు తమంతట తాము తెరచుకొను తలుపులు, దక్కను కాలువల క్రింద బ్లాకు సాగుపద్ధతి ఆయనకు కీర్తి తెచ్చినవి. అయితే మన కథకు ముఖ్యమైనది 1898లో సెలవు పెట్టి జపానుకు చేసిన యాత్ర. అచ్చట మూడు నెలలు తిరిగి, బడులను, కార్ఖానాలను, రేవులను చూచిరి. చూచినదానిని గూర్చి గ్రంథమును వ్రాసిరి గాని అచ్చు వేయింపలేదు.

జపాను ఆనాడు చేసిన పని మనవారికి ఆశ్చర్యము గొలుపునది. 1873లో ఆ దేశపు పబ్లిక్ వర్క్సు మంత్రిత్వశాఖ టోకియోలో ఇంజనీరింగు కాలేజిని స్థాపించి, హెన్రీ డయ్యరు అను స్కాట్లండు యువకుని దానికి అధిపతిగా నియమించెను. అచ్చటి విద్య ఆరేండ్లు. మొదటి రెండేండ్లు సామాన్యశాస్త్రములు, తరువాతి రెండేండ్లు వృత్తిశాస్త్రము, చివరి రెండేండ్లు నిజమైన పనిచోట పని. విదేశీ నిపుణులను ఎక్కువ జీతములిచ్చి రప్పించిరి. వారి చెంత తమ బిడ్డలను నిలిపి, పని నేర్చినకొలది విదేశీయులను సాగనంపిరి. క్రింది మెట్టున ప్రాథమిక విద్యను ఊరూర విస్తరింపజేసిరి. విశ్వేశ్వరయ్యగారు జపానులో గ్రహించిన రహస్యము ఈ మూడు మెట్ల కూర్పే. అక్షరము రాని దేశమున ఫిట్టరు పుట్టడు. ఫిట్టరు లేని దేశమున ఇంజనీరు వేసిన పటము కాగితముపైననే యుండిపోవును.

1908లో ఆయన స్వచ్ఛందముగ బొంబాయి కొలువును విడిచి విదేశయాత్రలో నుండగా, మన తెలుగుగడ్డపై ఘోరమైన ఉత్పాతము జరిగెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తెను. వేలకొలది ప్రజలు మరణించిరి. నిజాము ప్రభుత్వము ఆయనను పిలిపింపగా 1909లో వచ్చి, వరదను నగరమునకు ఎగువననే పట్టి నిలుపవలెనని నిర్ణయించి, మూసీపైనను దాని యుపనది యగు ఈసీపైనను జలాశయములకు పథకము సిద్ధముచేసిరి. అవియే అనంతరము ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులుగా వెలసినవి. ఆయన హైదరాబాదులో ఉన్నది కొన్ని నెలలే. ఆలోపుననే మైసూరు సంస్థానము తన బిడ్డను తాను పిలిచెను.

చీఫ్ ఇంజనీరు పదవి యిచ్చెదమన్నను విశ్వేశ్వరయ్యగారు వెంటనే ఒప్పుకొనలేదు. సాంకేతిక విద్యను, పరిశ్రమలను పెంచుటకు తమకు అవకాశము కలుగునా యని ముందుగా దర్బారును ప్రశ్నించిరి. నీటిపారుదల ఇంజనీరునకు బడులతో ఏమి పని యని ఎవరైనను అనుకొనవచ్చును. దర్బారు సమ్మతించిన పిమ్మటనే 1909 నవంబరులో ఆయన పదవి స్వీకరించిరి. 1911లో కన్నంబాడి పని ఆరంభమైనది. ఆ యేడే మైసూరు ఎకనామిక్ కాన్ఫరెన్సు ఏర్పడెను. వ్యవసాయము, పరిశ్రమలు, విద్య అను మూడు విషయములను ఒకే కప్పు క్రింద చర్చించు సభ యది. అధికారులును, వర్తకులును, భూస్వాములును, పండితులును అందు కూర్చుండిరి. నేటికిని మనలో విద్యాశాఖ ఒక మేడలో, పరిశ్రమలశాఖ మరియొక మేడలో నుండి, ఉత్తరములతో మాత్రమే మాట్లాడుకొనుచుండుట చూచుచున్నాము. ఎవరికి ఏ పనివారు కావలెనో బడి నడుపువారికి తెలియవలెనన్న, ఇరువురును ఒక బల్లచుట్టు కూర్చుండుట మొదటి మెట్టు. ఆ మెట్టును ఆయన 1911లోనే వేయించిరి.

1912 నవంబరులో మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయరువారు ఆయనను దివానుగా నియమించిరి. అటుపై ఆరేండ్లలో జరిగిన పనులను వరుసగ చూచిన, జపాను మూడు మెట్లు మైసూరున కనబడును. 1913లో నిర్బంధ ప్రాథమిక విద్యకు శాసనమేర్పడెను. ఆయన దివానుగిరి ఆరంభమున సంస్థానమున సుమారు 4,500 బడులుండగా, ఆరేండ్లలో మరి సుమారు 6,500 బడులు వెలసినవి. హెబ్బాళలో వ్యవసాయ పాఠశాలయు, బెంగుళూరున మెకానికల్ ఇంజనీరింగు పాఠశాలయు, మైసూరున చామరాజేంద్ర సాంకేతిక విద్యాలయమును ఆ కాలమునకే చెందినవి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసెను. దేశీయ సంస్థానములలో అదియే మొట్టమొదటి విశ్వవిద్యాలయము.

ఆ విశ్వవిద్యాలయ స్థాపనలో మన కట్టమంచి రామలింగారెడ్డిగారి కృషి యుండుట తెలుగు విద్యార్థులు మరువరాదు. కవిత్వతత్త్వ విచారకులుగా మనము ఎరిగిన ఆ మహనీయులు అప్పుడు మైసూరు విద్యాశాఖలో నుండిరి. డెన్హాముగారును వారును విదేశములందలి విద్యావిధానములను పరిశీలించి సమర్పించిన నివేదికలు విశ్వవిద్యాలయ రూపకల్పనకు ఆధారములైనవి. రెడ్డిగారు పిమ్మట 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపాధ్యక్షులైరి. జయపుర మహారాజు విక్రమదేవవర్మగారి దాతృత్వముతో వాల్తేరున శాస్త్ర సాంకేతిక కళాశాల వెలసిన వృత్తాంతము వేరొక కథ.

1917లో బెంగుళూరున ఇంజనీరింగు కాలేజి తెరువబడెను. ముప్పదియేండ్లకు పైబడిన క్రిందట పూనాకు పోవలసివచ్చిన విద్యార్థి, తన తరువాతివారికి ఆ ప్రయాణమును తప్పించెను.

ఇక చదువును పనిని ఒకే త్రాట కట్టిన తీరునకు మంచి నిదర్శనము గంధపుచెక్క కథ. మైసూరు అడవులలోని గంధము సంస్థానపు సొత్తు. ఏటేట దానిని వేలము వేయగా, అధిక భాగము జర్మనీకి పోయి, అచ్చట నూనెగా మారెడిది. 1914లో మహాయుద్ధము రాగానే ఆ బేరము నిలిచిపోయెను. చెక్క గిడ్డంగులలో పేరుకొనెను. అప్పుడు మైసూరు పరిశ్రమల శాఖకు ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్‌గారు అధిపతి. అంతకు పూర్వము మదరాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్సులో అల్యూమినియపు పాత్రల పని నేర్పి ఆ పరిశ్రమకు పునాది వేసినవారు వారే. బెంగుళూరునందలి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో సడ్‌బరో, వాట్సన్ అను ఆచార్యులు గంధపునూనె తీయు పద్ధతిని ప్రయోగశాలలో సిద్ధపరచిరి. 1916లో నూనె కార్ఖానా నడువసాగెను. నూనె చేతికి వచ్చిన పిదప సబ్బు చేయవలెనను ఆలోచన పుట్టెను. అందులకు గరళపురి శాస్త్రిగారను రసాయనజ్ఞుని లండనుకు పంపి ఆ విద్య నేర్పించిరి. 1918లో ప్రభుత్వపు సబ్బుల కార్ఖానా వెలసెను. ఇప్పటికిని మైసూరు శాండల్ సబ్బు అంగళ్ళలో దొరకుచున్నది.

ఈ కథలో క్రమమును గమనింపుడు. మొదట నేలలో పుట్టిన వస్తువు, పిదప శాస్త్రజ్ఞుని ప్రయోగము, పిదప కార్ఖానా, ఆ కార్ఖానాకు కావలసిన విద్యను నేర్వ ఒక మనిషి ప్రయాణము. శాస్త్రిగారు ఏదో యొక పట్టము కొరకు సీమకు పోలేదు. తిరిగివచ్చి కూర్చుండవలసిన చోటు ముందే సిద్ధమగుచుండెను.

ఇంతవరకు కథ సుముఖముగ సాగినది. ఇక చిక్కు వచ్చిన చోటును దాచరాదు. ఆనాడు మైసూరు ప్రభుత్వ కొలువులలో అత్యధిక భాగము బ్రాహ్మణుల చేతులలో నుండెను. తక్కిన కులములవారు తమకు భాగము కావలెనని కోరిరి. మహారాజువారు 1918లో చీఫ్ జడ్జి లెస్లీ మిల్లరుగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. విశ్వేశ్వరయ్యగారు ఉద్యోగములు యోగ్యతనుబట్టియే ఈయవలెననియు, వెనుకబడినవారికి బడులు, విద్యార్థి వేతనములు సమృద్ధిగ కల్పించుటయే సరియైన మార్గమనియు తలచిరి. ఆ వేతనములను ఆయన పాలనలో ఇచ్చుచునే యుండిరి. ఎదుటిపక్షమువారి వాదము వేరు. ఎంత చదివినను కొలువు తలుపు తమ బిడ్డలకు తెరువబడదని తెలిసిన తండ్రి, బిడ్డను పొలమునుండి బడికి ఏల పంపునని వారి ప్రశ్న. అభిప్రాయభేదము తీరలేదు. 1918 చివర విశ్వేశ్వరయ్యగారు దివాను పదవిని విడిచిరి. మరుసటి యేడు మిల్లరు సంఘము వెనుకబడిన కులములకు ప్రాధాన్యము సిఫారసు చేసెను. 1921లో సంస్థానము దానిని ఆచరణలో పెట్టెను.

ఇందు ఎవరి మాట ఎంత సరియో నేటి విద్యార్థులు తామే విచారింపగలరు. నాకు తోచినది చెప్పెదను. విద్యకును వృత్తికిని వంతెన కట్టవలెనను సత్యమును ఆయనకంటె స్పష్టముగ చూచినవారు ఆనాడు అరుదు. అయితే ఆ వంతెనపై అడుగిడుటకు అందరికిని సమానముగ దారి లేదను సత్యమును ఎదుటివారే ఎక్కువ స్పష్టముగ చూచిరి. తాను పేదరికమును జయించి వచ్చినవానికి, పేదరికముతో పాటు పుట్టుకయు అడ్డుగోడ కాగలదని తోచుట కష్టము.

పదవి పోయినను ఆయన తన ప్రశ్నను విడువలేదు. బొంబాయి ప్రభుత్వము 1921లో నియమించిన సాంకేతిక, పారిశ్రామిక విద్యాసంఘమునకు ఆయన అధ్యక్షులైరి. సభ్యులు ఏకాభిప్రాయమునకు రాలేక వేర్వేరు నివేదికలిచ్చిరి. ఇంతలో మైసూరున భద్రావతి ఇనుప కార్ఖానా ఆపదలో పడెను. ఆయన దివానుగ ఉన్నప్పుడు తలపెట్టిన పని యది. 1923లో ఉత్పత్తి ఆరంభమగునాటికి యుద్ధకాలపు ధరలు పడిపోయి, ఇనుమునకు గిరాకి లేకపోయెను. దానిని మూసివేయుటయే మేలను మాటలు వినవచ్చినవి. అప్పుడు సంస్థానము మరల ఆయననే పిలిచెను. ఆరేండ్లు కార్ఖానా పాలకమండలికి అధ్యక్షులై, ఖర్చులు తగ్గించి, విదేశీ నిపుణులు చేయుచున్న పనులను మైసూరు యువకులకు నేర్పించి, దానిని నిలబెట్టిరి. బడిలో చెప్పలేని పాఠములు కొలిమి యొద్ద చెప్పవలసియుండునని భద్రావతి ఆయనకు రూఢిపరచెను.

1934లో ఆయన దేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థ కావలెనని ఒక గ్రంథము ప్రకటించిరి. ఆ యేడే గాంధీమహాత్ముడు గ్రామ పరిశ్రమల సంఘమును స్థాపించిరి. వారిరువురికిని పరస్పర గౌరవమున్నను మార్గములు వేరు. మహాత్ముడు రాట్నమును, చేతిపనిని విద్యకు కేంద్రము చేయగోరిరి. విశ్వేశ్వరయ్యగారు యంత్రమును నమ్మిరి. అయినను ఒక్క విషయమున ఇరువురి హృదయములు కలిసినవి. చేతులకు పని చెప్పని చదువు దేశమునకు బరువని ఇరువురును గ్రహించిరి.

భద్రావతిలో చేసిన సేవకు విశ్వేశ్వరయ్యగారికి రావలసిన ప్రతిఫలము చాలకాలము తీసికొనక యుండిపోయెను. అది లక్ష రూపాయలకు మించిన మొత్తము. ఆనాడు దానితో బెంగుళూరున మేడలు కట్టించుకొనవచ్చును. ఆయన ఆ ధనమును ముట్టలేదు. యువకులకు వృత్తులు నేర్పు విద్యాలయమునకు దానిని వినియోగింపుమని ప్రభుత్వమును కోరిరి. 1943లో బెంగుళూరున ఆ విద్యాలయము వెలసెను. దానికి ఆయన పేరు పెట్టవలెనని తలంపు రాగా, ఆయన అంగీకరింపక మహారాజు పేరు సూచించిరి. అందుచే అది శ్రీ జయచామరాజేంద్ర ఆక్యుపేషనల్ ఇన్‌స్టిట్యూటు అయ్యెను. నేడు పాలిటెక్నికుగా ప్రసిద్ధము.

ఈ విద్యాలయపు పేరులోనే విశేషమున్నది. అది కాలేజి కాదు, వృత్తుల బడి. విశ్వవిద్యాలయపు పట్టము ఇచ్చుట దాని ధ్యేయము కాదు. కార్ఖానాకును దుకాణమునకును కావలసిన మధ్యశ్రేణి నిపుణుని తయారుచేయుట దాని ధ్యేయము. ఇంజనీరునకును కూలికిని నడుమ నుండు ఈ మనిషిని మన విద్య ఎన్నడును పట్టించుకొనలేదు. పటము చదివి, లేతుపై ఇనుము చెక్కి, చెడిన యంత్రమును తిరిగి నడుపువాడతడు. అచ్చట చలనచిత్ర ఛాయాగ్రహణమునకు కూడ తరగతి పెట్టిరి. నూతన పరిశ్రమ వచ్చుచున్నది, దానికి పనివారు కావలెను అను దూరదృష్టియే దానికి కారణము. గురుదత్తు చిత్రములకు వెలుగునీడలు కూర్చిన వి. కె. మూర్తిగారు అచ్చట తొలినాళ్ళలో చదివినవారే. గోవింద్ నిహలానీగారును ఆ బడి విద్యార్థియే. ఇనుప కార్ఖానా జీతము వెండితెరపై వెలుగుగా మారుట ఎవరూహింపగలరు!

వార్ధక్యమున సైతము ఆయనకు విశ్రాంతి లేదు. 1941లో అఖిలభారత ఉత్పత్తిదారుల సంస్థను నెలకొల్పిరి. 1951లో తమ ఉద్యోగజీవితపు జ్ఞాపకములను ప్రకటించిరి. 1955లో ప్రభుత్వము భారతరత్న బిరుదముతో సత్కరించెను. కార్ఖానాలు యువకులకు పని నేర్పితీరవలెనని విధించు అప్రెంటిసుల చట్టము 1961లో పార్లమెంటు ఆమోదము పొందెను. 1962 ఏప్రిలులో, నూరేండ్లు నిండిన పిదప, విశ్వేశ్వరయ్యగారు కన్నుమూసిరి. స్వగ్రామమగు ముద్దెనహళ్ళిలో వారి సమాధి యున్నది. 1998లో కర్ణాటక ప్రభుత్వము బెళగావిలో నెలకొల్పిన సాంకేతిక విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టిరి.

ఆయన కథనుండి మనము నేర్వదగినది ఏమి? ఏ యేడు ఏ ఉద్యోగములు ఎన్ని వచ్చునో జాతకము చెప్పినట్లు చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. భద్రావతిలో ధరలు పడిపోవునని ఆయనయు ఊహింపలేదు. అందుచే ఒక్క కొలువునకు మాత్రమే పనికివచ్చు చదువు ప్రమాదకరము. ఏ కొలువునకును పనికిరాని చదువు అంతకంటె ప్రమాదకరము. పునాదిలో అందరికిని అక్షరజ్ఞానము, నడుమ చేతిపనిలో నేర్పు, పైన శాస్త్రజ్ఞానము. ఈ మూడింటిని కలుపు మెట్లపై ఎవరైనను ఎక్కుటకు దారి. ఇందు మొదటి మూడింటిని ఆయన మైసూరున కట్టి చూపిరి. చివరిదానిని తరువాతివారు కట్టవలసివచ్చెను. ఆ పని నేటికిని పూర్తికాలేదు.

మన పాఠశాలలలో తరగతిలో వెనుకబడిన బాలుని చూచి, వీనిని ఏదైన చేతిపనిలో పెట్టుడని తండ్రికి చెప్పు అలవాటు మనకు కలదు. చేతిపనిని శిక్షగా భావించుట వలననే ఆ మాట వచ్చును. ప్రథమ శ్రేణిలో నిలిచిన విద్యార్థి, చీఫ్ ఇంజనీరు, దివాను అయినవారు తమ కష్టార్జితమును చేతిపని నేర్పు బడికి ధారపోసిరి. ఉపాధ్యాయులు రేపు తరగతిలో ఆయన కథ చెప్పునప్పుడు, ఆనకట్టలతో పాటు ఈ బడిని గూర్చియు రెండు మాటలు చెప్పుదురు గాక.